పై అరలో ఏ ఫాంటసీ నవలలు పెట్టాలి?

2022 జూలై వరదలో ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటింది. మూడో ప్రమాద హెచ్చరిక ఇచ్చేది 17 లక్షల 75 వేలకే. కాబట్టి మా లంకకి ఏం రాబోతోందో ముందురోజే తెలుసు. బియ్యం బస్తాలు అటకెక్కించాం, గేదెల్ని ఏటిగట్టు మీదికి తోలాం. ఆఖర్న గ్రంథాలయం గుర్తొచ్చింది. ఒకటే గది, ఒకటే ఇనప బీరువా, ఐదు అరలు. నీళ్ళు రెండో అర దాకా వస్తాయని 1986 వరద చూసిన పెద్దాయన గోడ మీద మరక చూపించి మరీ చెప్పాడు. పడవ రావడానికి ఇరవై నిమిషాలుంది.

నేను చేతికి దొరికినవి దొరికినట్టు పైకి తోస్తున్నాను. మాస్టారు (హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరయ్యారు) మాత్రం ప్రతి పుస్తకం వెనక అట్ట తీసి ఇష్యూ చీటీ చూస్తున్నారు. చీటీలో ఒకే మనిషి పేరు రెండుసార్లుంటే పై అరకి. లేకపోతే అక్కడే వదిలేయడం. "మాస్టారూ, టైము లేదండీ!" అంటే, "టైము లేదనేరా చూస్తున్నది" అన్నారు.

ఈ సంక్రాంతికి వచ్చిన మా ఊరి కుర్రాడొకడు గ్రంథాలయానికి డబ్బిచ్చి, "బాబాయ్, పిల్లల కోసం ఫాంటసీ నవలలు కొను. ఇప్పుడు పేరున్నవి కాదు, యాభై ఏళ్ళ తర్వాత కూడా నిలబడేవి కొను" అన్నాడు. అనడం తేలికే. పై అరలో లావుపాటివి పాతిక పడతాయి. ఆ పాతిక కోసం నేనూ, మాస్టారూ, మా బావా మూడు నెలలు పోట్లాడుకున్నాం. నేను పగలు ఎరువుల కొట్టులో ఉంటాను కాబట్టి పోట్లాటంతా సాయంత్రాలే. అందులో తేలినదే ఇక్కడ రాస్తున్నాను.

ముందు కొలత సంగతి. మాకు మాస్టారి చీటీ పరీక్ష కంటే మంచిది దొరకలేదు. మా వైపు తీర్థాల్లో ఇప్పటికీ రాయబారం పద్యాలు పాడతారు. వాటిని రాసిన తిరుపతి వేంకట కవుల్లో దివాకర్ల వారిది భీమవరం దగ్గర యండగండి, చెళ్ళపిళ్ళ వారిది కడియం, అంటే ఇద్దరూ మనవాళ్ళే. కృష్ణుడికి సంధి కుదరదని పీచుమిఠాయి అమ్మేవాడికి కూడా తెలుసు. అయినా రాగం ఎత్తుకోగానే వెనక వరసల్లోంచి "వన్స్ మోర్!" అని అరుపు. తర్వాత ఏమవుతుందో తెలియక అరిచే అరుపు కాదది. నవల కూడా అంతే. సస్పెన్స్ ఒక్కసారికే పనిచేస్తుంది, రెండోసారికి వేరే సరుకు కావాలి.

బహుమతుల్ని నమ్ముకుందాం అన్నాడు బావ. 1901లో సాహిత్యానికి మొట్టమొదటి నోబెల్ అందుకున్నది ఫ్రెంచి కవి సల్లీ ప్రుధోమ్. అప్పటికి టాల్‌స్టాయ్ బతికే ఉన్నాడు. ఆ ప్రుధోమ్ పుస్తకం ఒక్కటి చెప్పు బావా అంటే మాట్లాడలేదు. 1961లో సి. ఎస్. లూయిస్ అనే రచయిత, 'ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్' రాసిన టోల్కీన్ పేరు నోబెల్‌కి పంపితే, ఆయన కథనం ఆ స్థాయిలో లేదని కమిటీ పక్కన పెట్టేసింది. కాబట్టి బహుమతి ఉంటే సంతోషం, కానీ దాన్ని చూసుకుని పై అర ఎక్కించలేం.

టోల్కీన్ గురించి మాలో తగువు లేదు. 'ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్' మూడు సంపుటాలూ 1954, 55 సంవత్సరాల్లో వచ్చాయి. డెబ్భై ఏళ్ళు గడిచాయి, తాతలు చదివిందే మనవలు చదువుతున్నారు. ఈయన ఆక్స్‌ఫర్డ్‌లో పాత ఇంగ్లీషు చెప్పిన ప్రొఫెసరు. ముందు భాషలు అల్లుకుని, ఆ భాషలు మాట్లాడేవాళ్ళకి ఒక లోకం కావాలని తర్వాత కథ కట్టాడు. అందుకే అందులో ఊరి పేరుకీ, ఏటి పేరుకీ వెనక ఏదో ఉన్నట్టు అనిపిస్తుంది. రెండోసారి చదివినప్పుడు నాకు యుద్ధాలు ఆనలేదు. నిప్పులో పడేసి నాశనం చేయాల్సిన మాయ ఉంగరాన్ని అంత దూరం మోసిన ఫ్రోడో తీరా అగ్నిగుండం అంచున నిలబడి దాన్ని వదల్లేకపోతాడు చూశారా, అక్కడ ఆగిపోయాను. ఇంటికి తిరిగొచ్చాక కూడా ఆ గాయం మానదు. పుస్తకం ముగిసేది మాత్రం సింహాసనం మీద కాదు. ఫ్రోడోకి తోడుగా వెళ్ళిన శామ్ సాయంత్రం ఇంటికొచ్చేసరికి వేడివేడి భోజనం సిద్ధంగా ఉంటుంది, భార్య బిడ్డని తెచ్చి ఒళ్ళో పెడుతుంది. అంతే.

చిక్కల్లా ఎత్తుగడ. మొదటి వంద పేజీలూ పుట్టినరోజు విందులూ, కాలినడకలూ, పాటలూ. మా ఊళ్ళో ఇద్దరు కుర్రాళ్ళు అక్కడే దిగిపోయారు. అలాంటివాళ్ళకి ముందు 1937లో వచ్చిన 'ది హాబిట్' ఇవ్వండి. చిన్నది, పిల్లల కోసం రాసింది, చెయ్యి పట్టుకుని తీసుకెళ్తుంది.

కానీ ఒక్క పుస్తకమే కొనగలిగితే నేను టోల్కీన్‌ని కొనను. అర్సులా లే గ్విన్ రాసిన 'ఎ విజర్డ్ ఆఫ్ ఎర్త్‌సీ' కొంటాను. 1968లో వచ్చింది, రెండొందల పేజీలు ఉంటాయేమో. లోకమంతా దీవులే. జనం పడవల మీద బతుకుతారు. గెడ్ అనే మేకలు కాసుకునే పిల్లాడు మంత్రాలు నేర్చుకుంటాడు. మాంత్రికుల బడికి వెళ్తాడు. (అవును, మాంత్రికుల బడి. హారీ పాటర్ కంటే ఇరవై తొమ్మిదేళ్ళ ముందు.) తోటివాడి ముందు గొప్పకి పోయి చచ్చినవాళ్ళ ఆత్మని పిలుస్తాడు, దాంతోపాటు ఒక నీడ కూడా ఈ లోకంలోకి వచ్చేస్తుంది. తక్కిన కథంతా ముందు ఆ నీడ వీణ్ణి తరమడం, తర్వాత వీడు దాన్ని తరమడం.

చదువు అయ్యాక గెడ్‌కి మొదటి ఉద్యోగం ఒక చేపల ఊళ్ళో. పడవలకి పగుళ్ళు రాకుండా మంత్రం కట్టడం, అదీ పని. అక్కడే పడవలు కట్టే పెచ్‌వారీ అని ఒకడు స్నేహితుడవుతాడు, ఇతనికి తెరచాప కట్టడం నేర్పుతాడు. ఓ రాత్రి అతని కొడుక్కి ఒళ్ళు కాలిపోయే జ్వరం. చనిపోతున్నవాణ్ణి ఆపకూడదని గురువులు చెప్పారు. స్నేహితుడి మొహం చూసి గెడ్ ఆ పిల్లాడి వెనకాలే చీకటి లోకం దాకా వెళ్తాడు, తీసుకురాలేకపోతాడు, తనూ తిరిగి రాలేని పరిస్థితి వస్తుంది. తను పెంచుకునే చిన్న జంతువు అతని మొహం నాకుతూ కూర్చుంటే ప్రాణం వెనక్కి వస్తుంది. ఇదంతా కొద్ది పేజీల్లోనే. నేను నాలుగుసార్లు చదివాను, నాలుగుసార్లూ అక్కడ పుస్తకం మూసి కాసేపు అరుగు మీదికి వెళ్ళాను.

ఇందులో మంత్రానికి ఒక లెక్కుంది. ఒక దీవిలో వాన కురిపిస్తే ఇంకో దీవిలో కరువు రావచ్చు, కాబట్టి నిజమైన మాంత్రికుడు ఊరికే చెయ్యి ఎత్తడు. మా శివారు రైతులకి ఇది విడమర్చి చెప్పక్కర్లేదు. కాలువ ఎగువన తూము కాస్త పెద్దది చేసుకుంటే చాలు, దిగువన నారుమడి నెర్రెలిస్తుంది. మా బావ సగం ఎకరం శివార్లోనే ఉంది. ఎర్త్‌సీ గురించి ఆయన నాతో ఒప్పుకున్న ఒకే ఒక్క మాట ఇది.

ఇంకో సంగతి. గెడ్ ఎర్రగోధుమ రంగువాడు, అతని ప్రాణస్నేహితుడు నల్లనివాడు. రచయిత్రి 1968లోనే కావాలని అలా రాసింది. చాలా ఏళ్ళు అట్టల మీద తెల్లవాడిగా వేస్తుంటే ఆవిడ దాని మీద పోట్లాడుతూనే ఉంది. 1972 నాటికి మూడు భాగాలయ్యాయి. పద్దెనిమిదేళ్ళ తర్వాత, 1990లో, 'తెహాను' అని నాలుగోది రాసింది. అందులో గెడ్‌కి శక్తులు పోయాయి. కథంతా ఒక వితంతు రైతు ఇంట్లో, మేకల మధ్య, ఒళ్ళు కాలిన చిన్నపిల్ల చుట్టూ నడుస్తుంది. మొదటి మూడింట్లో ఆడవాళ్ళకి తగినంత చోటు ఇవ్వలేదని తనే గ్రహించి, తను కట్టిన లోకాన్ని తనే వంటింటి గుమ్మంలోంచి మళ్ళీ చూసింది. సొంత పుస్తకాన్ని అలా నిలదీసిన రచయితలు ఎంతమంది ఉంటారు? మాలో ఇంటర్ చదివే అమ్మాయొకత్తి మొదటి భాగం తిరిగిచ్చేస్తూ "ఇందులో యుద్ధమే లేదు బాబాయ్ గారూ" అని మొహం చిట్లించింది. పరీక్షలయ్యాక వచ్చి మళ్ళీ అదే తీసుకెళ్ళింది. చీటీలో రెండు తేదీలున్నాయి, మార్చి ఒకటి, మే ఒకటి.

కొత్తవాటిలో నా పందెం సుసానా క్లార్క్ 'పిరనేసీ' మీద. 2020లో వచ్చింది, 2021లో రచయిత్రుల నవలలకిచ్చే విమెన్స్ ప్రైజ్ అందుకుంది. ఆవిడ మొదటి నవల 'జొనాథన్ స్ట్రేంజ్ అండ్ మిస్టర్ నోరెల్' 2004లో వచ్చింది. ఆ తర్వాత జబ్బు చేసి, రెండో నవలకి పదహారేళ్ళు పట్టింది. మొదటిది ఇటిక అంత, అడుగున ఫుట్‌నోట్లు, తీరిక ఉన్నవాళ్ళకి పండగ. రెండోది సన్నటి పుస్తకం. అంతులేని గదులున్న ఒక భవంతి, గదుల నిండా పాలరాతి బొమ్మలు. కింది అంతస్తులో సముద్రం, పై అంతస్తులో మేఘాలు. అందులో ఒంటరిగా ఒక మనిషి. ఆటుపోట్లు ఎప్పుడెప్పుడొస్తాయో లెక్కగట్టి నోటు పుస్తకంలో రాసుకుంటాడు, చేపలు పట్టుకుంటాడు, నాచు ఎండబెట్టుకుంటాడు. ఆ భవంతిలో దొరికిన పదమూడు మంది ఎముకలకి తిండీ, నీళ్ళూ, పూలూ పెట్టి వస్తుంటాడు. ఎవరూ చెప్పకుండానే తద్దినం పెడుతున్నాడన్నమాట.

నన్ను పట్టేసింది అతని కేలండరు. సంవత్సరాలకి అంకెలుండవు. నైరుతి గదుల్లోకి ఆల్బట్రాస్ పక్షి వచ్చిన సంవత్సరం, అలా పేర్లు పెట్టుకుంటాడు. మా అమ్మ లెక్కా అంతే. చెల్లెలు పుట్టింది 1986లో కాదు, "పెద్ద వరదొచ్చిన ఏడు". కొబ్బరితోట పోయింది 1996 నవంబర్ 6న కాదు, "తుపానులో". నీళ్ళ పక్కన బతికేవాళ్ళ కాలం అలాగే నడుస్తుంది, ఇంగ్లండులో కూర్చున్న ఆవిడకి ఎలా తెలిసిందో. ఈ పుస్తకంలో ఒక రహస్యం ఉంది, అది సగం దాటేసరికి మనకి తెలిసిపోతుంది. తెలిశాక కూడా ఇల్లు అలాగే నిలబడి ఉంటుంది. అందుకే దాని మీద పందెం. ఐదేళ్ళ పుస్తకం మీద యాభై ఏళ్ళ జోస్యమేంటని మాస్టారు నవ్వారు. నవ్వనివ్వండి.

ఇక బావ పుస్తకం. జార్జ్ మార్టిన్ 'ఎ గేమ్ ఆఫ్ త్రోన్స్' 1996లో మొదలైంది. ఏడు భాగాలన్నారు. ఐదోది 2011లో వచ్చింది. ఆరోది ఇప్పటికీ లేదు. టీవీ సీరియల్ 2011లో మొదలై, పుస్తకాల్ని దాటేసి, 2019లో తనంతట తను ముగించేసుకుంది. "బావా, ముగింపు లేనిదాన్ని పై అరలో ఎలా పెడతాం?" అన్నాను. ఆయన కండువా సర్దుకుని, మాస్టారి వైపు తిరిగి, "మరి నన్నయ గారి సంగతేంటండీ?" అన్నాడు.

గది నిశ్శబ్దమైపోయింది. రాజమహేంద్రవరంలో రాజరాజ నరేంద్రుడి కొలువులో భారతం మొదలెట్టి, అరణ్యపర్వం మధ్యలో వదిలేశారు నన్నయ. మిగిలింది పూర్తవడానికి పదమూడో శతాబ్దంలో తిక్కన రావాలి. ఆయనా అరణ్యపర్వం జోలికి వెళ్ళలేదు, విరాటపర్వం నుంచి ఎత్తుకున్నారు. ఆ మధ్యనున్న ఖాళీ పద్నాలుగో శతాబ్దంలో ఎర్రన పూరించారు. అసంపూర్తి అయినంత మాత్రాన నన్నయ పద్యం ఎవరైనా కింది అరలో పెట్టారా?

మాస్టారు చాలాసేపు ఆలోచించి అన్నారు: "నన్నయ గారు ఆపేనాటికి వ్యాసుడు ముగించేశాడ్రా. కథ ఎక్కడికి చేరాలో అందరికీ తెలుసు. మీ మార్టిన్ గారికి వ్యాసుడెవరు?" బావ ఒప్పుకోలేదు, ఇప్పటికీ ఒప్పుకోడు. నాకు మాత్రం మాస్టారి మాటే సబబనిపించింది. రాజకీయ కుట్రల కథకి ముగింపే వెన్నెముక. ఎవరు ఎందుకు ఏం చేశారో చివర్న కదా తేలేది. రాబర్ట్ జోర్డాన్ 'వీల్ ఆఫ్ టైమ్' ముగించకుండానే 2007లో పోయాడు. ఆయన నోట్సు పట్టుకుని బ్రాండన్ శాండర్సన్ చివరి మూడు సంపుటాలు రాసి 2013లో పద్నాలుగుతో ముగించాడు. తిక్కన వెంటనే దొరికాడు కానీ, పద్నాలుగు ఇటికలు మళ్ళీ మోసే ఓపిక నాకైతే లేదు.

న్యాయంగా చెప్పాలంటే మార్టిన్ మొదటి మూడు భాగాలు రెండోసారి చదివితే ఇంకా బావుంటాయి. మొదటి భాగంలో ఒక పెద్దమనిషి తన మంచితనంతోనే అడుగడుగునా ఉచ్చులోకి నడుస్తాడు. మొదటిసారి మనకి షాకు. రెండోసారి ప్రతి అడుగు దగ్గరా "వెళ్ళొద్దు మారాజా" అని మొత్తుకుంటాం. ఆ మూడూ నడిమి అరలో పెట్టాం. మిగతావి రాస్తే అప్పుడు చూద్దాం.

హారీ పాటర్ సంగతి అందరూ అడుగుతారు. 1997 నుంచి 2007 దాకా ఏడు భాగాలు, మొదటి భాగం తెలుగులోకి కూడా వచ్చింది. చీటీ పరీక్షలో వీటికి నూటికి నూరు, ఒకే పిల్లాడి పేరు ఐదుసార్లుంటుంది. కానీ ఆ పేర్లన్నీ పదిహేనేళ్ళ లోపు వాళ్ళవే. నలభై ఏళ్ళ వయసులో వాక్యం కోసం దాన్ని మళ్ళీ తెరిచిన మనిషిని నేను చూళ్ళేదు, చిన్నతనం గుర్తు తెచ్చుకోవడానికి తెరిచినవాళ్ళని చూశాను. అదీ తక్కువేం కాదు. పిల్లలకి పై అర అందదు కాబట్టి వాటిని ఎలాగూ కిందే పెట్టాలి, వరదొస్తే మళ్ళీ కొనుక్కోవచ్చు, ఎప్పుడూ దొరుకుతాయి. అదే వయసు పిల్లాడు కాస్త గట్టివాడైతే ఫిలిప్ పుల్మన్ 'హిజ్ డార్క్ మెటీరియల్స్' ఇవ్వండి. దాని మూడో భాగానికి బ్రిటన్‌లో ఇచ్చే 2001 విట్‌బ్రెడ్ బహుమతుల్లో ఆ ఏడాది మేటి పుస్తకం గౌరవం దక్కింది, పిల్లల పుస్తకానికి అలా దక్కడం అదే మొదలు. మొదటి భాగం అద్భుతం. మూడోదానికొచ్చేసరికి రచయిత దేవుడితో వాదన పెట్టుకుని కథని కాస్త మర్చిపోయాడని నా ఫిర్యాదు.

ఎన్. కె. జెమిసిన్ త్రయానికి 2016, 17, 18 వరసగా మూడేళ్ళు ఉత్తమ నవలకిచ్చే హ్యూగో (సైన్స్ ఫిక్షన్, ఫాంటసీల బహుమతి) వచ్చింది, అంతకుముందు ఎవరికీ అలా రాలేదు. తరచూ భూమి బద్దలయ్యే లోకం, "నువ్వు" అంటూ మనల్నే వేలెత్తి చెప్పే కథనం. 2015లో వచ్చిన మొదటి భాగం 'ది ఫిఫ్త్ సీజన్' నిలబడుతుందని నా నమ్మకం. మిగతా రెండిటి మీద పందెం కాయను.

టెర్రీ ప్రాచెట్‌వి ఒక్క 'డిస్క్‌వరల్డ్' వరసలోనే నలభై ఒక్క నవలలు. అన్నీ కొనక్కర్లేదు. 'స్మాల్ గాడ్స్', 'నైట్ వాచ్' చాలు. ఆయనది చమత్కారం, ఇంగ్లీషు నుడికారం మీద ఆధారపడ్డది, మా పిల్లలకి సగం అందదు. అయినా ఒక్క బూట్ల సంగతి చెప్పాలి. ఉన్నవాడు ఖరీదైన బూట్లు కొంటే పదేళ్ళొస్తాయి. లేనివాడు చవకవి కొని, ఏడాదికోసారి మారుస్తూ, పదేళ్ళలో ఉన్నవాడి కంటే ఎక్కువే ఖర్చుపెట్టి, ఇంకా తడికాళ్ళతోనే ఉంటాడు. పుస్తకం చదవనివాళ్ళు కూడా ఈ మాట వాడుతున్నారు. నా కొట్లో అప్పుకి ఎరువు తీసుకెళ్ళే కౌలు రైతుకి ఇది చెప్తే, "ఆయనది ఏ ఊరండీ?" అని అడిగాడు.

అన్నీ ఇంగ్లీషువేనా అంటారేమో. మాకూ అదే గిల్టీగా అనిపించింది. కాశీమజిలీ కథలు పన్నెండు భాగాలు ఎప్పట్నుంచో మా బీరువాలో ఉన్నాయి, వాటికి పరీక్ష అక్కర్లేదు. రాజోలు ప్రాంతంలో పుట్టిన యండమూరి 'తులసిదళం' కోసం ఆ రోజుల్లో జనం వారపత్రిక చించుకున్నారు. భయం మీద నడిచే నవల కాబట్టి రెండో చదువుకి ఆ వణుకు సగమైపోతుంది, నడిమి అర. అసలు పోటీ దాసరి సుబ్రహ్మణ్యం గారిది. 1954లో 'తోకచుక్క'తో మొదలెట్టి ఏళ్ళ తరబడి చందమామలో సీరియల్స్ రాశారు. రచయిత పేరు ఉండేది కాదు. మాంత్రికులూ, మొసళ్ళూ, రాకాసి లోయలూ, పక్కన చిత్రా వేసిన బొమ్మలూ. మా నాన్న నెలనెలా ఆ పేజీలు జాగ్రత్తగా చించి, కథ పూర్తయ్యాక సూదీ దారంతో కుట్టి, క్యాలికో అట్ట వేయించేవాడు. 1986లో ఆ బైండు తడిసింది. అమ్మ ఏటిగట్టు మీద టార్పాలిన్ కింద కూర్చుని, పేజీ పేజీకీ మధ్య చింకి గుడ్డ పెట్టి ఆరబెట్టింది. ఆవిడకి చదవడం రాదు. నాన్న గట్టిగా చదివితే వినేది, "మళ్ళీ ఆ మొసలి దగ్గర్నుంచి చదవండి" అనేది.

కాబట్టి పై అరకి ఎక్కింది దాసరి గారి సీరియల్స్ ముందు. తర్వాత ఎర్త్‌సీ ఆరు పుస్తకాలూ, టోల్కీన్ నాలుగూ, క్లార్క్‌వి రెండూ, జెమిసిన్‌ది ఒకటి, బావ పోరు పడలేక ప్రాచెట్‌వి రెండు. ఇంకా నాలుగైదు ఖాళీలున్నాయి, వాటిని తొందరపడి నింపం. డబ్బు తక్కువైతే 'ఎ విజర్డ్ ఆఫ్ ఎర్త్‌సీ', 'ది హాబిట్', 'పిరనేసీ' ఈ మూడింటితో మొదలెట్టండి. మూడూ చిన్నవే, పదో తరగతి ఇంగ్లీషుతో లాక్కురావచ్చు, పిరనేసీకి మాత్రం మొదటి పాతిక పేజీలు పెద్దవాళ్ళెవరైనా పక్కన కూర్చోవాలి. సన్నక్షరాల చవక ముద్రణలు కొనకండి. గోదారి గాలి చెమ్మకి ఆ బంక రెండు వర్షాకాలాలకే ఊడిపోతుంది, కుట్టు బైండింగు ఉందో లేదో చూసుకోండి. జూన్ రాగానే ఒక్కొక్క పుస్తకాన్నీ యూరియా బస్తా లోపలుండే ప్లాస్టిక్ కవర్లో పెట్టి మూతి కట్టేయండి. కవరుని కడిగి, రెండు రోజులు ఎండలో పెట్టాకే సుమా, లేకపోతే పేజీలు కంపు కొడతాయి. కవర్లు కావాలంటే మా కొట్లో ఊరికే ఇస్తాను.